మాటకు, డేటాకు ఒకే దారి

రాత్రి పొద్దుపోయిన తరువాత రేడియోలో మీడియం వేవు ముల్లు త్రిప్పువారికి ఒక అనుభవము తెలిసియే యుండును. పగలెల్ల స్పష్టముగా వినవచ్చిన స్టేషనుమీద రాత్రివేళ దూరదేశపు స్టేషను మఱొకటి వచ్చి కూర్చుండును. ఇక్కడి పాటయు అక్కడి వార్తలును కలగాపులగమై, నడుమ ఒక యీల వినబడి, తుదకు ఏదియు అర్థము కాదు. ఒక తావున, ఒక తరంగముమీద, ఒకరే మాటలాడవలెననునది రేడియో పుట్టిననాటినుండియు ఉన్న కట్టుబాటు. ప్రసార కేంద్రముల విషయమున ఈ చిక్కు ఒప్పందములతో చాలవఱకు తీఱినది. దేశములన్నియు కూర్చుండి, ఎవరి మీటర్లను వారు పంచుకొన్నవి. అక్కడ ఒకరు మాటలాడుదురు, లక్షలమంది విందురు. కాని లక్షలమందియు తామే మాటలాడుదుమని వచ్చిననాడు ఏమి చేయవలెను? అటుపిమ్మట, మాటలు మాత్రమే చాలవు, ఉత్తరములను, లెక్కలను, బొమ్మలనుగూడ ఆ తరంగముమీదనే పంపుదుమన్ననాడు ఎవరు తొలగి ఎవరికి దారి ఈయవలెను? మొబైలు టెలిఫోను చరిత్రలో నడచిన పెద్ద తగవులలో ఇది యొకటి. నేడు మనము డేటా అనుచున్నది ఈ ఉత్తరములు, లెక్కలు, బొమ్మలు అన్నియు కలసినదే.

మొదట చానెలు అనగా నేమో తెలిసికొనవలెను. ఒకరి మాట పోవుటకు తరంగములలో కొంత వెడల్పు కావలెను. ఆ వెడల్పునే చానెలు అందురు. పాత రేడియో పెట్టెలమీద కిలోసైకిళ్ళని వ్రాసియుండెడిది. నేడు కిలోహెర్ట్‌జులు అనుచున్నారు. పేరు మాఱినది గాని వస్తువు ఒక్కటే. పొలముగట్టువలె ఈ వెడల్పును సాగదీయుటకు వీలులేదు. ఉన్నదానినే పంచుకొనవలెను.

1946వ సంవత్సరము జూన్ 17వ తేదీన అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున బెల్ సంస్థకు చెందిన కంపెనీవారు మోటారుకార్లలో టెలిఫోనులు అమర్చి ప్రజలకు అందించిరి. ఆ యంత్రము బరువు సుమారు 80 పౌనులు. మాటలాడునపుడు మీట నొక్కవలెను, వినునపుడు వదలవలెను. నగరమంతటికిని మొదట నడచినవి మూడు చానెళ్ళు. అనగా అంత పెద్ద పట్టణమున ఏకకాలమునందు ముగ్గురే మాటలాడగలరు. నాలుగవవాడు ఎంత ధనవంతుడైనను వేచియుండవలసినదే. ముప్పది సంవత్సరములు గడచిన తరువాతగూడ న్యూయార్కువంటి మహానగరమున ఇట్టి చానెళ్ళు 12 మాత్రమే యుండెను. వానిమీద అయిదువందల పైచిలుకు చందాదారులు కాలము గడపుచుండిరి. వేలమంది పేర్లు వ్రాయించుకొని తమ వంతునకై కాచుకొనియుండిరి.

దీనికి విరుగుడు 1947 డిసెంబరులోనే బెల్ ప్రయోగశాలలో డగ్లస్ రింగ్ అను ఇంజనీరు ఒక పత్రమున వ్రాసి పెట్టెను. నగరమున కంతటికి ఒకే యెత్తైన స్తంభము బదులు, చిన్నచిన్న గదులుగా భూమిని విభజించి, గదికొక చిన్న కేంద్రము పెట్టి, ఒకచోట వాడిన చానెలునే తగినంత దూరమునగల మఱొక గదిలో మరల వాడవచ్చునని ఆయన యూహ. గదికి సెల్లు అని పేరు. మనము నేడు సెల్‌ఫోను అనుటకు అదియే మూలము. అయినను ఆ యూహ వీధిలోనికి వచ్చుటకు మూడు దశాబ్దములకు పైగా పట్టినది. 1979లో టోకియోనందు, 1983 అక్టోబరు 13వ తేదీన అమెరికాలో షికాగోనందు ఈ పద్ధతి ఆరంభమయ్యెను. అమెరికా పద్ధతిలో ఒక్కొక్క చానెలు వెడల్పు 30 కిలోహెర్ట్‌జులు.

ఇక్కడ ఒక డేనిష్ గణితజ్ఞుని స్మరింపక తప్పదు. కోపెన్‌హేగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లో ఒకటి, 1917లో మఱొకటి వ్యాసములు ప్రకటించి, ఎందఱు మాటలాడుదురన్నచో ఎన్ని తీగలు కావలెనో లెక్కగట్టుట నేర్పెను. ఆయన లెక్క సామాన్య బుద్ధికి కొంత వింతగా తోచును. పది బల్లలున్న కాఫీ హోటలు ఒకటి యున్నదనుకొనుడు. వచ్చినవారు చోటు లేనిచో నిలువక వెళ్ళిపోవుదురు. నూటికి ఇద్దఱికంటె ఎక్కువమంది అట్లు వెనుకకు పోరాదన్నచో, సగటున అయిదు బల్లలు మాత్రమే నిండియుండునట్లు చూచుకొనవలెను. తక్కిన అయిదు బల్లలు ఖాళీ. కారణమేమనగా జనులు వరుసగా రారు. గుంపులు గుంపులుగా వత్తురు. టెలిఫోను చానెళ్ళును అంతే. పది చానెళ్ళలో అయిదును, ఏబది చానెళ్ళలో పదియు సగటున ఊరక యుండిననే మనకు మర్యాదగా లైను దొరకును. కొట్టు చిన్నదైనకొలది వృథా యెక్కువ. ఈ మాట గుర్తుంచుకొన్నచో ముందు చెప్పబోవునది సులభముగా బోధపడును.

ఈ ఖాళీని చూచినవారికి ఒక ఆశ పుట్టుట సహజము. మాట లేని క్షణములలో డేటా నేల పంపరాదు? ఆశ నిరాధారమైనది కాదు, ఏలయన మాటకును డేటాకును స్వభావము వేఱు. మాట ఆలస్యమును సహింపదు. చిన్న తప్పును సహించును. అవతలివారి పలుకు అరసెకండు ఆలస్యమైనచో ఇద్దఱును ఒకేసారి మాటలాడుదురు, సంభాషణ చెడును. ఒక అక్షరము జాఱినచో వినువాడు ఊహించి పూరించుకొనును. డేటా అట్లుకాదు. బ్యాంకు లెక్కలో ఒక అంకె మాఱినచో కొంప మునుగును గాని, ఆ లెక్క రెండు సెకండులు ఆలస్యముగా వచ్చిన నష్టమేమియు లేదు. ఇదిగాక మాట ధారగా సాగును. డేటా చినుకులవలె అప్పుడప్పుడు రాలును.

తీగలమీద ఈ బేరము చాలకాలమునుండి సాగుచునే యున్నది. 1880 దశకమున బెల్జియమునందు వాన్ రిసెల్‌బెర్గ్ అను నతడు టెలిగ్రాఫు తీగమీదనే టెలిఫోను మాటలనుగూడ ఏకకాలమున నడపెను. 1956లో అట్లాంటిక్ సముద్రగర్భమున వేసిన మొదటి టెలిఫోను కేబులుమీద 1960లో ఇంకొక చమత్కారము చేసిరి. సంభాషణలో ఒకరు మాటలాడుచుండ రెండవవారు వినుచుందురు గదా! ఆ మౌనమును కనిపెట్టి, ఆ క్షణమునందు తీగను మఱొకరికి ఇచ్చి, ఉన్న మార్గములమీద దాదాపు రెట్టింపు సంభాషణలు నడపిరి. డేటాను రేడియోమీద ఎక్కించినవారిలో హవాయి విశ్వవిద్యాలయపు నార్మన్ ఏబ్రమ్సన్ ముఖ్యుడు. 1971లో ఆయన బృందము దీవులనడుమ కంప్యూటర్లను ఒకే రేడియో చానెలుమీద కలిపెను. ఎవరికి పని పడినచో వారు పంపవచ్చును. రెండు ఢీకొన్నచో ఇద్దఱును కొంతసేపాగి మరల పంపవలెను. ఆ చానెలు పూర్తి శక్తిలో నూటికి 18 పాళ్ళకంటె ఎక్కువ పనికి రాలేదు. అయినను అనుమతి యడుగకుండ పదిమంది ఒక దారిలో నడువవచ్చునని ఋజువైనది.

ఈ రెండు ఊహలును మొబైలునందు కలిసినది 1992, 93 సంవత్సరములలో. అమెరికాలోని కొన్ని సెల్యులార్ కంపెనీలు ఐ.బి.ఎం. సంస్థతో కలసి ఒక పద్ధతిని నిర్మించినవి. దానికి సెల్యులార్ డిజిటల్ ప్యాకెట్ డేటా అని పేరు, సి.డి.పి.డి. అని పొడి అక్షరములతో పిలిచెడివారు. దాని మొదటి ప్రమాణ గ్రంథము 1993 జూలైలో వెలువడెను. నేటివారిలో ఆ పేరు విన్నవారు అరుదు. కాని మాటయు డేటాయు ఒక చానెలును పంచుకొన్న కథలో ఇంత నిజాయితీగల ప్రయత్నము మఱొకటి లేదని నా యభిప్రాయము.

అప్పటి సెల్యులార్ కంపెనీ కొక్కొక్క దానికి మాటలకొఱకు 395 చానెళ్ళుండెను. ఏడు సెల్లుల గుంపునకు, సెల్లునకు మూడు దిక్కుల చొప్పున, వానిని పంచినచో ఒక్కొక్క దిక్కునకు పదునెనిమిదియో పందొమ్మిదియో వచ్చును. ఎర్లాంగ్ లెక్క ప్రకారము, అందు సగటున పన్నెండు పనిలో నుండగా, తక్కిన ఏడింటిలో ఎవరును ఉండరు. ఆ ఏడింటిలో ఏది ఖాళీగా నున్నదో కనిపెట్టుటకు సెల్లు కేంద్రమున ఒక పరికరమును పెట్టిరి. అది ఎల్లప్పుడును చానెళ్ళను వాసన చూచుచుండెడిది. ఖాళీ చానెలు దొరికిన వెంటనే డేటా దానిమీద ఎక్కి సెకండునకు 19,200 బిట్ల వేగమున పరుగిడెడిది. ఇంతలో ఎవరో టెలిఫోను ఎత్తిరి. మాటల యంత్రము ఆ చానెలునే వారికి కేటాయించినది. అట్టి క్షణమున డేటా 40 మిల్లీసెకండులలో, అనగా సెకండులో ఇరువదియైదవ పాలులో, నోరు మూసికొని తొలగిపోవలెను. తొలగి, మఱొక ఖాళీ చానెలును వెదకికొని, అక్కడ పని కొనసాగింపవలెను. కారులోని యంత్రముకూడ దానిని వెదకుచు వెనువెంట పోవలెను.

ఇందులోని విశేషమేమనగా, మాటలను నడపు యంత్రమునకు ఈ అతిథి సంగతియే తెలియదు. దానిలో ఒక మరనైనను మార్చవలసిన పని లేదు. యజమాని యెఱుగకుండ అరుగుమీద పండుకొని, తలుపు గడియ చప్పుడు కాగానే లేచి నడచిపోవు బాటసారివంటిది ఈ డేటా. అయితే యజమాని యెఱుగకపోవుటవలన ఒక తమాషా చిక్కుకూడ వచ్చెను. ఖాళీగా నుండవలసిన చానెలులో ఏదో శబ్దము వినబడుచుండగా, మాటల యంత్రము అది చెడిన చానెలని తలచి దానికి తాళము వేసెడిది! అందుచేత డేటా, ఎవరును తఱుమకపోయినను, కొంతసేపటి కొకసారి తనంత తానే చోటు మార్చుకొనవలసి వచ్చెను.

పోలీసు బండ్లలోని కంప్యూటర్లు ఎదుటి కారు నెంబరు పంపి, అది దొంగిలిన బండియా కాదా యని తెలిసికొనుటకును, విద్యుత్తు మీటర్లను దూరమునుండి చదువుటకును, అంగడి లేని వర్తకులు క్రెడిట్ కార్డులను సరిచూచుకొనుటకును ఈ పద్ధతి వాడుకలోనికి వచ్చెను. ఇవన్నియు చినుకులవంటి పనులే, కావున సరిపోయెను. కాని చిక్కు వేఱొకచోట నుండెను. సాయంకాలము రద్దీ హెచ్చి, రహదారులు నిండి, అందఱును టెలిఫోను ఎత్తు వేళనే పోలీసువానికిని తొందర పని పడును. అప్పుడు ఖాళీ చానెలు దొరకదు. ఒరుల మౌనముమీద బ్రతుకువానికి అందఱును మాటలాడు వేళ అన్నము లేదు. ఈ సత్యము గ్రహించి చాల కంపెనీలు, మొదటి ఆశను కొంత వదలుకొని, కొన్ని చానెళ్ళను డేటాకే విడిగా కేటాయించినవి. పంచుకొనుటకై పుట్టిన పద్ధతి వాటా అడుగవలసి వచ్చెను. 2000 దశకము మధ్య కాలమునకు కంపెనీలు దీనిని మూసివేసినవి. దాని కాధారమైన పాత మాటల పద్ధతిని నడపి తీరవలెనను నిబంధనగూడ అమెరికాలో 2008 ఫిబ్రవరిలో ముగిసెను.

ఐరోపావారు వేఱుదారి త్రొక్కిరి. వారి జి.ఎస్.ఎం. పద్ధతి 1991 జూలై 1వ తేదీన ఫిన్లాండులో మొదలయ్యెను. అందులో 200 కిలోహెర్ట్‌జుల వెడల్పుగల తరంగమును కాలముచేత ఎనిమిది అరలుగా కోసిరి. ఒక్కొక్క టెలిఫోను తన వంతు వచ్చినపుడు మాత్రమే, సెకండులో వేయవ పాలుకంటె తక్కువ సేపు పలికి, మరల ఏడు వంతులు మౌనముగా నుండును. ఇదంతయు ఎంత త్వరగా జరుగుననగా చెవికి ఆ కోతలు తెలియవు. ఈ పద్ధతిలో డేటా మొట్టమొదట ప్రవేశించినది సింహద్వారమునుండి కాదు, పెరటి గుమ్మమునుండి. గంట మ్రోగించుటకును, లైను కుదుర్చుటకును వేఱుగ ఒక సన్నని మార్గము కలదు. ఆ మార్గము నడుమనడుమ ఊరకుండును గదా, అందులో 160 అక్షరముల చిన్న సందేశము పంపవచ్చునని జర్మనుడైన ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ ప్రభృతులు 1985 నాటికే తలపోసిరి. 1992 డిసెంబరు 3న ఇంగ్లండులో క్రిస్మసు శుభాకాంక్షలతో మొదటి సందేశము వెళ్ళెను. మనము ఎస్.ఎం.ఎస్. అనునది ఇదియే.

మాటల మార్గములన్నియు నిండినను ఈ చిన్న సందేశము దూరి పోగలదు. అందుచేతనే ఆపదలలో ఫోను కలియకున్నను సందేశము చేరిన సందర్భములు కలవు. కాని పెరటి గుమ్మము సన్ననిది. అందఱును అందులోనే త్రొక్కిసలాడినచో, లోపల మాటలకు చోటున్నను లైను కుదుర్చువాడు లోనికి పోలేడు. మన దేశమున నూతన సంవత్సర దినమునను పండుగలనాడును చౌక సందేశముల పథకములు చెల్లవని కంపెనీలు ప్రకటించుచుండిన దినములు పలువురకు జ్ఞాపకముండవచ్చును. అందులో లాభాపేక్ష లేదని నేను చెప్పను. అయితే ఇఱుకుకూడ నిజమే.

మన దేశమున మొదటి మొబైలు సంభాషణ 1995 జూలై 31న జరిగెను. కలకత్తానుండి జ్యోతి బసుగారు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రాంగారితో మాటలాడిరి. తరువాత రాష్ట్రములకు అనుమతులిచ్చినపుడు ఒక్కొక్క కంపెనీకి మొదట లభించినది 4.4 మెగాహెర్ట్‌జుల వెడల్పు. దానిని 200 కిలోహెర్ట్‌జుల చొప్పున కోసినచో 22 తరంగములు. పన్నెండు భాగములుగా పంచి మరల మరల వాడినచో ఒక్కొక్క దిక్కునకు రెండు దాటవు. రెంటికి పదునాఱు అరలు. అందు రెండు అరలు లైను కుదుర్చు పనికి పోగా, మాటలకు మిగులునవి పదునాలుగు. ఇక ఎర్లాంగుగారిని మరల పిలిచి లెక్క వేసిన, ఏకకాలమున సగటున ఎనిమిది సంభాషణలు. రద్దీగంటలో ఒక్కొక్కరు ఒకటిన్నర నిమిషము మాటలాడుదురనుకొన్నచో సుమారు 330 మందికి సరిపోవును.

ఈ పదునాలుగు అరలమీదనే ఇంటర్నెట్టుకూడ నడువవలసి వచ్చెను. 2000వ సంవత్సరమునుండి ఐరోపాలోను, తరువాత కొలది కాలమునకు మన దేశమునను, జి.పి.ఆర్.ఎస్. అను పద్ధతి వచ్చినది. ఖాళీగా నున్న అరలను డేటాకు ఇత్తురు. నాలుగు అరలు ఒకేసారి దొరికిన అదృష్టవంతునకు సెకండునకు ఏబది వేల బిట్లకు పైగా రావచ్చును. మాట వచ్చినపుడు అర వదలవలెను. ఇది సి.డి.పి.డి. నీతియే గాని, ఇక్కడ యజమానికి అతిథి సంగతి తెలియును. నడుపువారి ముందున్న ప్రశ్న ఒక్కటే. డేటా ఎప్పుడును ఆకలితో నుండకుండ రెండు అరలు దానికి శాశ్వతముగ వ్రాసి యిత్తుమా? ఇచ్చినచో మాటలకు పండ్రెండు అరలు మిగులును. అప్పుడు 330 మందికి చాలినది 265 మందికే చాలును. తక్కిన అఱువదియైదుగురకు అదనపు తరంగము వెదకవలెను. లేదా వారిని లైను దొరకదని త్రిప్పి పంపవలెను. పల్లెటూరి స్తంభముక్రింద ఆ అఱువదియైదుగురిలో ఆసుపత్రికి ఫోను చేయువాడుకూడ నుండవచ్చును. పొదుపు కొఱకు కొందఱు ఒక అరలో ఇద్దఱి మాటలను కుదించి పెట్టిరి. గొంతులు కొంత బొంగురుపోయినవి. చాలచోట్ల మాటకే పీట వేసిరి. అందుచేతనే ఆనాటి ఫోనులో పత్రిక చదువుచుండగా ఎవరైన పిలిచినచో పుట సగములో ఆగిపోయెడిది. సంభాషణ ముగిసిన పిదపనే తక్కిన సగము దిగెడిది. ఆ తరగతి ఫోనులు రెండు పనులును ఒకేసారి చేయుటకు నిర్మింపబడినవి కావు.

మూడవ తరము సంగతి త్వరగా చెప్పి ముగింతును. 2001 అక్టోబరులో జపానునందు మొదలైన పద్ధతి వెడల్పైన తరంగముమీద మాటను, డేటాను కలిపి నడపెను. అమెరికాలో పుట్టిన ఇంకొక శాఖ, అన్నదమ్ములు వేఱుపడినట్లు, డేటాకు ప్రత్యేకముగ ఒక తరంగమునే కేటాయించెను. మన దేశమున 2010లో జరిగిన మూడవ తరపు వేలములో ప్రభుత్వమునకు 67,719 కోట్ల రూపాయలు వచ్చెను. ఆకాశమున గీత గీసిన జాగా ఎంత విలువైనదో ఆనాడు అందఱకును తెలిసినది.

నాలుగవ తరముతో కథ తలక్రిందులైనది. 2009 డిసెంబరులో స్టాక్‌హోము, ఆస్లో నగరములలో ఆరంభమైన ఆ పద్ధతిలో మాటకు ప్రత్యేకమైన చానెలే లేదు. అంతయు డేటాయే. మొదటి దినములలో మాట పరదేశియై, పిలుపు రాగానే ఫోను నాలుగవ తరమును వదలి పాత తరములోనికి దిగి మాటలాడి మరల పైకెక్కవలసి వచ్చెను. 2012లో కొరియాలోను అమెరికాలోను మాటనే చిన్నచిన్న డేటా మూటలుగా కట్టి పంపు సేవ ఆరంభమయ్యెను. మన దేశమున 2012 ఏప్రిలులో నాలుగవ తరము మొదట అడుగిడినది మరల కలకత్తానందే. అప్పుడది డేటాకు మాత్రమే. 2016 సెప్టెంబరు 5న రిలయన్స్ జియో సంస్థ పాత తరముల యాధారము లేకయే, మాటనుగూడ డేటాగానే పంపుచు దేశమంతటను సేవ ప్రారంభించెను.

ఇంటి యజమాని అద్దెకున్నవాడైనను, పాత మర్యాద మాత్రము పోలేదు. నేడు స్తంభముమీది యంత్రము సెకండునకు వేయి మారులు, ఈ క్షణమున ఏ ముక్క ఎవరికని నిర్ణయించును. ఒకరు సినిమా చూచుచుందురు, ఒకరు డబ్బు పంపుచుందురు, ఒకరు తల్లితో మాటలాడుచుందురు. మాట మూట ఇరువది మిల్లీసెకండుల కొకటి పుట్టును. అది ఈ దారిలో 100 మిల్లీసెకండులకంటె ఎక్కువ నిలువరాదని నియమము గావున, సినిమాను రెప్పపాటు ఆపియైనను దానిని ముందు పంపుదురు. చూచువానికి ఆ రెప్పపాటు తెలియదు. ముందే నాలుగు సెకండుల సినిమా అతని ఫోనులో నిలువ యుండును.

1960లో సముద్రగర్భమున చేసిన చమత్కారముకూడ ఇందు దాగియున్నది. అవతలివారు పలుకు ఆపినపుడు వారి ఫోను మూటలు పంపుట మానివేయును. 160 మిల్లీసెకండుల కొకసారి మాత్రము, వారి గది యెంత నిశ్శబ్దముగ నున్నదో తెలుపు చిన్న చీటీని పంపును. మిగిలిన జాగా ఇతరుల డేటాకు పోవును. అయితే చెవిలో పూర్తిగా నిశ్శబ్దమైనచో లైను తెగినదని మనము హలో హలో యని అరచుదుము. అందుచేత ఆ చీటీని చూచి మన ఫోనే, రేడియో ముల్లు రెండు స్టేషనుల నడుమ నిలిచినపుడు వినబడునట్టి సన్నని హోరును తయారుచేసి మన చెవిలో పోయుచుండును.